స్వర్ణయుగ మెవరిది?

గత మాసమున మా పట్టణ పఠనమందిరమున నొక గోష్ఠి జరిగినది. తెలుగువారి జనప్రియ సంగీతమునకు స్వర్ణయుగ మేది యను ప్రశ్న చర్చకు వచ్చెను. సాయంకాలము ఆరు గంటలకు మొదలైన వాదము రాత్రి తొమ్మిది దాటినను తెగలేదు. పన్నుల పెంపుపై సభ పెట్టినచో పదిమంది రాని మందిరమున నాడు నిలుచుటకు చోటు లేకపోయెను. పాటయనిన మనవారి కెంత ప్రాణమో దీనివలన తెలియుచున్నది. అందుకు సంతోషమే. కాని సభవారు తేల్చిన తీర్పు మాకు సంతోషకరముగ లేదు.

తీర్పేమనగా: 1951లో "మల్లీశ్వరి", "పాతాళభైరవి" వెలువడుటతో స్వర్ణయుగ మారంభమైనది, 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి మరణముతో అది ముగిసినది, అంతకు ముందున్నది బాల్యచేష్ట, అటుపిమ్మట వచ్చినది వట్టి రొద. ఇంతటితో ఆగినచో మేము కలము పట్టకపోదుము. వారు తీర్పు చెప్పి యూరకొనలేదు. అమలుపరచుటకు గూడ పూనుకొనిరి. రాబోవు వార్షికోత్సవమున జరుగు గానపు పోటీలలో ఆ యిరువదిమూడేండ్ల చలనచిత్రముల పాటలు మాత్రమే పాడవలెననియు, అదియు ముందుగ సిద్ధపరచిన వాద్యపు ట్రాకుతోనే పాడవలెననియు, నాటక పద్యములకు, హరికథకు, బుర్రకథకు, ఉద్యమ గేయములకు, స్త్రీల పాటలకు కాలము చాలదనియు కార్యవర్గము తీర్మానించినది. ఒక యుగమును పొగడుట వేరు. ఆ పొగడ్తను అడ్డుపెట్టుకొని తక్కిన యుగముల నోరు నొక్కుట వేరు.

మేము ఘంటసాలవారికి ప్రతికక్షులము కాము. "శివశంకరీ" యని 1961లో ఆ కంఠము పలికిన తీరు విని తల యూచని తెలుగువాడుండడు, మేమును తెలుగువారమే. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటను సాలూరి రాజేశ్వరరావుగారు పట్టి చూపిన "మల్లీశ్వరి" వంటి దింకొకటి వచ్చునో రాదో మేము చెప్పజాలము. మా తగవు ఆ పాటలతో కాదు. ఆ పాటలకు ముందేమియు లేదు, వెనుక నేమియు లేదు అను పండితమ్మన్యులతోనే మా తగవు.

మొదట మాటకు అర్థము తేల్చుకొందము. జనప్రియ సంగీతమనగా జనులు వినునదియా, జనులు పాడునదియా? గోష్ఠిలో మాటాడిన పదునొకండుగురిలో నొక్కరును ఈ ప్రశ్న వేసికొనలేదు. ఎన్నాళ్లు ఆడినది, ఎన్ని రికార్డులు అమ్ముడుపోయినవి, రేడియోలో నెన్నిమారులు వేసిరి, నేడు యూట్యూబున నెందరు చూచుచున్నారు అని లెక్కలు చదివిరి. అది అంగడివాని లెక్క. మేము వేరొక లెక్క యడుగుచున్నాము. పాట పుట్టిన పిమ్మట, దానిని పుట్టించినవాని సాయము లేకయే, డబ్బిచ్చి కొననక్కర లేకయే, యంత్రము తిప్పకయే, ఎందరి నోట బ్రదికినది? ఈ లెక్క తీసినచో యుగముల వరుస తారుమారగును.

బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) తెలుగు నాటకమున రాగయుక్తమైన పద్యమునకు పీట వేసిరి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున "కీచకవధ" యాడిన యొక కుటుంబము, ఆ పిమ్మట తరతరములు నాటకమునే కులవృత్తిగ చేసికొని ఊరూర తిరిగినది. తిరుపతి వేంకట కవులు పాండవుల కథను నాటకములుగ వ్రాసిరి. అటుపిమ్మట నేమి జరిగినదో చూడుడు. అక్షరము రానివానికి పద్యము వచ్చెను! రాత్రివేళ బండి తోలుకొని పోవువాడు ఎద్దుల మెడ గంటలను శ్రుతిగ పెట్టుకొని రాయబార పద్యములు చదువును. క్షవరము చేయు మంగలి హరిశ్చంద్రుని కాటిసీను పాడును. కచేరి మెట్లమీద కూర్చున్న కక్షిదారు వాయిదా పిలుచువరకు సన్నగ పద్యము లాగుచుండును. లోకమున ఏ జాతియందైనను శార్దూల మత్తేభముల వంటి క్లిష్టమైన వృత్తములు వీధిపాటలైన వింత యున్నదేమో మాకు తెలియదు. తెలుగునాట అది జరిగినది. దీనిని బాల్యచేష్ట యనువారు తాము బాల్యమున నెన్ని పద్యములు కంఠస్థము చేసిరో గుండెపై చేయి వేసికొని చెప్పవలెను.

ఆ యుగమున దోషములు లేవని మేమనము. "వన్స్‌మోర్" అను రెండు ముక్కల ఇంగ్లీషు నాటకకళను చాల కాలము పట్టి పీడించినది. చచ్చి పడియున్న పాత్ర లేచి పద్యము మరల పాడి మరల చచ్చుట చూచి నవ్వనివారు లేరు. హార్మోనియము వాని హోరులో మాట వినబడని రాత్రులు గలవు. ఐనను "వన్స్‌మోర్" అని యరచినవాడెందుకు యరచినాడు? ఆ పద్యమును తన నోట పట్టుకొని ఇంటికి తీసికొని పోవలెనని. రెండవమారు వినినగాని రాగపు మలుపు పట్టుబడదు మరి! నేటి శ్రోతకు ఆ తొందర లేదు. పాట చేతిఫోనులో నున్నదిగదా యను ధీమా యున్నది. కావున నోటికి రాదు.

1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గళమును ముద్రించుటతో మన దేశమున గ్రామఫోను యుగము మొదలైనది. ఆ లక్క పళ్లెమున ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములకంటె పట్టదు. అరగంట సాగు రాగాలాపన ఆ మూడు నిమిషముల పెట్టెలో నొదుగవలసి వచ్చెను. నేటి చలనచిత్రపు పాట నాలుగు నిమిషములకు మించకుండుట రసజ్ఞులు విధించిన నియమము కాదు. లక్క పళ్లెము విధించినది. స్వర్ణయుగవాదులు "పాటకు తగిన కొలత" యని మెచ్చుకొనునది ఆ పళ్లెపు వ్యాసమే.

ఇక ఉద్యమము మాట. నరసన్నపేట ప్రాంతమున పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణగారు "మాకొద్దీ తెల్లదొరతనము" వ్రాసిన నాటికి రేడియో లేదు, మాటాడు చిత్రము లేదు. ఆ పాట పాడినందుకు 1922లో దొరతనమువారు వారిని చెరసాలకు పంపిరి. విడుదలయైన పిమ్మట మరల పాడిరి, మరల పంపిరి. చేతి వ్రాత కాగితములమీదను, అణా పుస్తకములలోను, అంతకంటె నెక్కువగ వాలంటీర్ల కంఠములలోను ఆ పాట సముద్రతీరమునుండి మన్యమువరకు పోయినది. పికెటింగు చేయువారు పాడిరి, నూలు వడకువారు పాడిరి, చెరసాలలో గోడకీవల నొకడెత్తుకొన్నచో ఆవల నొకడందుకొనెను. భాష రాని అధికారి సయితము ఆ పాట విని ఉలికిపడెను. స్వర్ణయుగమని మీరు నిర్ణయించిన యిరువదిమూడేండ్లలో ప్రభుత్వము నిద్ర చెడగొట్టిన పాట యొకటి చూపుడు; మేము వాదము మానుకొందుము. ఆ మర్యాద కొంతవరకు దక్కిన చిత్రము మీరు బాల్యచేష్ట యని కొట్టివేసిన కాలమునందే యున్నది. గూడవల్లి రామబ్రహ్మముగారి "రైతుబిడ్డ" 1939లో వచ్చెను. కోపించిన జమీందారుల పలుకుబడిచే కొన్ని తావుల నిషేధింపబడెను.

ఇంకొక మాట. మీ స్వర్ణయుగ మారంభమైన మరుసటి సంవత్సరమే, 1952లో, మద్రాసు నగరమున కడుబీదతనముతో గరిమెళ్ల కన్నుమూసిరి. అప్పటికి ఆ నగరమున స్టూడియోలు కళకళలాడుచున్నవి. పాటకు మంచి ధర పలుకుచున్నది. ధర పలుకని పాట వ్రాసినవాడు ధర పలుకు ఊరిలో ఆకలితో పోయెను. బంగారము దేనికి పూయబడెనో, దేనికి పూయబడలేదో దీనివలననే తెలియుచున్నది.

1951 తరువాతి వైభవము ఎవరి సొమ్ము? ఘంటసాలవారు విజయనగరమున మధుకర మెత్తుకొని భుజించుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ సంగీతము నేర్చిరి. వారు చదివిన సంగీత కళాశాల 1919లో నెలకొన్నది; దాని ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1942లో ఘంటసాలవారు ఉద్యమమున దుమికి చెరసాలకు పోయిరి. అటుపిమ్మటనే సినిమా. స్థానం నరసింహారావుగారు నాటకరంగమున సత్యభామ వేషముతో స్వయముగ రచించి పాడిన "మీరజాలగలడా" 1966లో "శ్రీకృష్ణ తులాభారము" చిత్రమున సుశీలమ్మగారి గళమున వినవచ్చి, నేడు సినిమా పాటగ చెలామణి యగుచున్నది. 1963 నాటి "లవకుశ", "నర్తనశాల" మున్నగు చిత్రములలో పద్యమును ప్రేక్షకుడంత సులువుగ అందుకొన్నాడనిన, అతని తండ్రియు తాతయు టెంటునాటకముల నేలపై కూర్చుండి చెవిని సిద్ధపరచి యుంచుటచేతనే. వీధి, రంగస్థలము, చెరసాల కూడబెట్టిన ధనమును స్టూడియో ఖర్చుపెట్టినది. చాల అందముగ ఖర్చుపెట్టినది, కాదనము. కాని ఖర్చుపెట్టినవానిని ఆర్జించినవాడని పిలిచినచో కోర్టున నిలువదు.

పైగా ఆ ఖర్చుతోబాటు నోళ్లు మూతపడజొచ్చినవి. పెండ్లియింట అప్పగింతల పాట పాడు ముత్తైదువ యుండగనే మైకులో రికార్డు పెట్టుట ఏనాడు మొదలైనదో మీలో ముసలివారి నడుగుడు. వారు చెప్పు సంవత్సరము మీ స్వర్ణయుగము నడుమనే యుండును. నాట్లు వేయు స్త్రీల పాట, దంపుళ్ల పాట, మంగళహారతి, జోల: ఇవి యన్నియు ఇంత గొప్ప గాయకులు పాడుచుండగ మనకేల యని సిగ్గుపడి చాటునకు పోయినవి. వినుటలో నిపుణులమైతిమి, పాడుట మానుకొంటిమి.

ఇంతవరకు ఎదుటివారిని నిలదీసితిమి. ఇక మా పక్షపు లోపమును గూడ చెప్పవలెను. ఉద్యమయుగము బంగారమనిన మాత్రాన దానిపై మచ్చ లేదనుట సత్యము కాదు. క్షేత్రయ్య పదములు, జావళులు తరతరములుగ కాపాడిన కళావంతుల స్త్రీలు తొలినాటి దక్షిణదేశపు గ్రామఫోను రికార్డులలో ముందు వరుసలో నున్నవారు. వారిపై సంఘము మోపిన అన్యాయమును తొలగింపవలసినదే. వీరేశలింగము పంతులుగారు ఆ విషయమున చేసిన పోరాటమును మేము గౌరవింతుము. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీత్వమును నిషేధించుచు చట్టము చేసినది, మంచిదే. కాని దురాచారముతోబాటు ఆ స్త్రీల పాటను గూడ మనవారు వెలివేసిరి. అదే పదమును కొన్నాళ్లకు పెద్దయింటి పడతి కచేరిలో పాడగ చప్పట్లు కొట్టిరి. ఈ ద్వంద్వనీతికి మా జాతీయవాదులే చాలవరకు బాధ్యులు. దీనిని దాచినచో మా వాదమునకు బలము రాదు.

ఇంకను, కోస్తా గడియారము పెట్టి తెలుగుదేశమంతట కాలము కొలుచుట మరియొక తప్పు. నిజాము రాజ్యమున తెలుగుపాటకు దొరికిన వీధి వేరు. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధ పోరాటమున బండి యాదగిరి కట్టిన "బండెనక బండి" పాట ఊరినుండి ఊరికి పోయినది. ముప్పదేండ్లు గడచిన పిమ్మట "మా భూమి" చిత్రమున గద్దరు పాడగ మరల లేచినది. బుర్రకథను నాజరు భుజమున నెత్తుకొని సభాస్థలముల నింపెను. 2009 మొదలు 2014 వరకు తెలంగాణమున ధూంధాములు చూచినవాడెవడును 1974తో జనుల పాట చచ్చినదని పలుకజాలడు. వేదికపై నొకడు చరణమెత్తగ మైదానమంతయు పల్లవి యందుకొనెను. ఆ రాష్ట్రము ప్రక్కన పెట్టి చెప్పిన స్వర్ణయుగము సగము తెలుగువారి లెక్క తీయని జనాభా లెక్క వంటిది.

ఈ సందర్భమున మా ప్రతికక్షులకు చిన్న ప్రశ్న. రెండు తెలుగు రాష్ట్రములకును రాష్ట్రగీతములున్నవి. వానిలో మీ స్వర్ణయుగపు చిత్రములనుండి వచ్చిన దేది? శంకరంబాడి సుందరాచారిగారి "మా తెలుగు తల్లికి" 1942 నాటి "దీనబంధు" చిత్రముకొరకు వ్రాయబడి, అందులో చోటు దొరకక, టంగుటూరి సూర్యకుమారిగారి గళమున గ్రామఫోను రికార్డుగ వెలువడి జనుల కెక్కినది. సినిమా వద్దనినదానిని జాతి కావాలనినది! ఇక 2024లో తెలంగాణము స్వీకరించిన "జయ జయహే తెలంగాణ" బడిచదువు లేని అందెశ్రీ రచన. దానికి ప్రభుత్వము చేయించిన కూర్పు కీరవాణిగారిది, వారు చలనచిత్ర సంగీతకర్తలే గదా యని మీరనవచ్చును. నిజమే. కాని ఆ కూర్పు రాకమునుపే ఆ పాట బడులలోను, సభలలోను, సకలజనుల నోట బ్రదికి యున్నది.

యువకుల పక్షమున మాటాడిన కుఱ్ఱవాడొకడు "నాటు నాటు" పాటకు 2023 మార్చిలో ఆస్కారు వచ్చినది గావున స్వర్ణయుగ మిదియే యనెను. సభ నవ్వినది. మేము నవ్వలేదు. ఆ పాటకు బడిపిల్లలు వీధిలో అడుగులు వేసిరి. అదియు నొక జీవలక్షణమే. ఐతే పరదేశపు బహుమానము మన పాటకు తులామానము కాదని మాత్రము ఆతనికి విన్నవించుచున్నాము. 1974 తరువాత అంతయు రొద యను పెద్దలకంటె ఆతడే నయము. ఘంటసాలవారు గతించిన ఆరేండ్లకు, 1980లో, "శంకరాభరణము" చూచుటకు బారులు తీరిన జనులలో ఈ పెద్దలును ఉండియుందురు.

న్యాయవాద వృత్తిలో నున్నవారము గావున చట్టపు మాట యొకటి చెప్పి ముగింతుము. ధ్వనిముద్రణపై హక్కు 1957 నాటి కాపీరైటు చట్టము 27వ సెక్షను ననుసరించి, అది వెలువడిన మరుసటి సంవత్సరారంభమునుండి అరువదేండ్లు మాత్రమే యుండును. అనగా 1960 వరకు వెలువడిన రికార్డులన్నిటిపై ముద్రణ హక్కు 2020 సంవత్సరాంతమునకే తీరిపోయినది. సాహిత్యముపై హక్కు వేరు; 22వ సెక్షను ప్రకారము రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి అరువదేండ్లు. గరిమెళ్ల పాటలపై నది 2012తో తీరెను. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లో గతించిరి గావున వారి నాటకములపై 2010తో తీరెను. ఇవి యన్నియు నేడు ప్రజల సొత్తు. ఘంటసాలవారి స్వీయ స్వరకల్పనలపై మాత్రము 2034 వరకు హక్కుదారుల మాట వినవలసి యున్నది. చిత్రమేమన, చట్టము ఎవరిది కాదన్న పాటను కార్యవర్గము వలదనుచున్నది. ఎవరిదో యొకరిదన్న పాటనే కావలెననుచున్నది.

ప్రజల సొత్తయ్యెను సరే, ఆ సొత్తెక్కడ? అటకలమీద. లక్క రికార్డు చేయి జారినచో పగులును. వేసవి వేడికి వంగును. మొద్దువారిన ముల్లు పెట్టి తిప్పినచో గీరలు పోవును. తాతగారు గతించిన యింట వానిని పాత సామాను వానికి తూకమున వేయుట మేము కన్నులార చూచితిమి. రికార్డులపై నున్న కాగితపు చీటీపై గాయకుని పేరు, నాటకము పేరు, సంఖ్య యుండును. ఆ చీటీ చిరిగినచో ఆ గళము పేరులేని గళమైపోవును. పద్యము వినిపించి ఇది యెవరి గొంతని యడుగుటకు నేడు మా పట్టణమున నలువురు ముసలివారు మిగిలియున్నారు. వారిలో నిద్దరికి చెవులు సరిగ వినబడవు.

కావున కార్యవర్గమువారి కీ సవరణలు పంపుచున్నాము. పోటీలలో సంవత్సరముల హద్దు తీసివేయవలెను. ట్రాకు నిర్బంధము మానవలెను; శ్రుతిపెట్టె చాలును, అదియు లేకున్న నష్టము లేదు. స్త్రీల పాటలకును, బుర్రకథ దళములకును ఒక సాయంకాలము ప్రత్యేకించవలెను. గాయకులకిచ్చు వెండి కప్పులలో నొకటి తగ్గించి, ఆ పైకముతో పట్టణమున నున్న పాత రికార్డుల చీటీలను నకలు వ్రాయించి, వాని ధ్వనిని కంప్యూటరున కెక్కించి, పఠనమందిరమున నెవరడిగినను వినిపించు నేర్పాటు చేయవలెను.

సమావేశము వచ్చు ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు. కీ ఇచ్చు గ్రామఫోనొకటి మేము తెచ్చెదము. ముళ్ల డబ్బీయు మాదే. కుదురైన మేజా నొకదానిని మాత్రము కార్యవర్గమువారు దయచేయవలెను.